ఏబీఎస్ బ్రేకు: పెడల్ వణికినప్పుడు కాలు తీయకండి

ఏబీఎస్ (యాంటీ లాక్ బ్రేకింగ్ సిస్టమ్, అంటే బ్రేకు గట్టిగా వేసినా చక్రం తిరగడం ఆగిపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారు కొన్న ఆరు నెలలకు, వానాకాలంలో ఒక సాయంత్రం, విజయవాడ హైవే మీద డివైడరు సందులోంచి ఒక గేదె ఉన్నట్టుండి రోడ్డెక్కింది. నేను బలంగానే బ్రేకు తొక్కాను. పాదం కింద పెడల్ గజగజ వణికింది, బానెట్టు లోపలి నుంచి గరగరమని చప్పుడు వచ్చింది. ఏదో విరిగిపోయిందనుకుని కాలు తీసేశాను. గేదె తన దారిన తాను దాటిపోయింది కాబట్టి సరిపోయింది. మర్నాడు బండిని మెకానిక్‌కు చూపిస్తే, ఆయన చక్రాలు తిప్పి చూసి, "బండికేమీ కాలేదండీ, నిన్న ఏబీఎస్ పనిచేసింది. మీరే దాన్ని పని పూర్తి చెయ్యనివ్వలేదు" అన్నాడు.

ఏబీఎస్ గురించి తెలుసుకోవలసినది చాలా ఉన్నప్పటికీ, దాన్ని వాడే విధానం మాత్రం ఆ మెకానిక్ మాటలోనే ఉంది. అది పనిచేసేటప్పుడు బండి చెడిపోయినట్టే అనిపిస్తుంది. ఆ వణుకును, ఆ చప్పుడును ముందే ఒకసారి ఎరిగి ఉన్నవారు కాలు తీయరు. ఎరగనివారు సరిగ్గా అవసరమైన క్షణంలో తీసేస్తారు. అందుచేత ఈ వ్యాసంలో ముందుగా ఆ వణుకు ఎందుకు వస్తుందో వివరించి, తరువాత దాన్ని ఖాళీ చోట ఎలా అలవాటు చేసుకోవాలో, నిజంగా అవసరం పడినప్పుడు ఏం చేయాలో, ఏయే చోట్ల దాన్ని నమ్ముకోకూడదో చెబుతాను.

చక్రం పట్టేస్తే ఏమవుతుంది

ఇంట్లో బీరువాను జరిపినవారికి ఒక సంగతి అనుభవమే. మొదట ఎంత నెట్టినా కదలదు, ఒకసారి కదిలిందంటే ఆ తరువాత అంత బలం అక్కర్లేదు. నేలను అంటిపెట్టుకుని ఉన్న వస్తువుకు ఉండే పట్టు, అది జారడం మొదలుపెట్టాక ఉండదు. టైరు విషయంలోనూ ఇదే జరుగుతుంది. దొర్లుతున్న టైరులో నేలకు ఆనిన భాగం, అరచేయంత మేర, ఆ క్షణానికి రోడ్డును పట్టుకునే ఉంటుంది. బ్రేకు మితిమీరి బిగిసి చక్రం తిరగడం ఆగిపోతే, ఆ అరచేయంత రబ్బరు రోడ్డు మీద రాసుకుంటూ జారుతుంది. పట్టు తగ్గిపోవడం ఒక నష్టం. అంతకంటే పెద్ద నష్టం, జారుతున్న టైరుకు దిక్కు తెలియకపోవడం. స్టీరింగు ఎటు తిప్పినా బండి అంతకుముందు ఎటు పోతోందో అటే పోతుంది. బైకులో అయితే ముందు చక్రం పట్టేసిన అర సెకనులోనే బండి పక్కకు పడిపోతుంది.

అయితే టైరు అసలు ఏమాత్రం జారకూడదని కాదు. బలంగా బ్రేకు వేసినప్పుడు చక్రం బండి వేగం కంటే కాస్త నెమ్మదిగా తిరుగుతుంది. బండి 60 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉండగా చక్రం 48 కిలోమీటర్ల వేగానికి తగినట్టు తిరుగుతోందంటే, జారుడు 20 శాతం అన్నమాట. పొడి తారు రోడ్డు మీద టైరుకు అత్యధికమైన పట్టు దాదాపు 10 నుంచి 30 శాతం జారుడు మధ్యలోనే దొరుకుతుంది. నూరు శాతం అంటే చక్రం పూర్తిగా పట్టేసినట్టు. ఆ ఇరుకైన పరిధిలో చక్రాన్ని పాదంతో నిలబెట్టడం చేయి తిరిగిన డ్రైవరుకు కూడా కష్టమే. పైగా కారులో చక్రాలు నాలుగు, పెడల్ ఒక్కటే. ఎడమ చక్రాలు మట్టి అంచు మీద, కుడి చక్రాలు తారు మీద ఉన్నప్పుడు ఏ పాదమూ ఆ నాలుగింటికీ నాలుగు రకాల ఒత్తిడి ఇవ్వలేదు.

లోపల జరిగే పని

ప్రతి చక్రం ఇరుసు దగ్గర పళ్లు గాని, రంధ్రాలు గాని ఉన్న ఒక రింగు, దానికి దాదాపు ఒక మిల్లీమీటరు ఎడంలో ఒక సెన్సరు ఉంటాయి. ఒక్కొక్క పన్ను దాటిపోయినప్పుడల్లా సెన్సరు ఒక సంకేతం పంపుతుంది. రింగుకు 48 పళ్లు, టైరు చుట్టుకొలత 1.9 మీటర్లు అనుకుంటే, 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు దాదాపు తొమ్మిది చుట్లు తిరుగుతుంది కాబట్టి ఒక్క చక్రం నుంచే సెకనుకు 420 సంకేతాలు వస్తాయి. వాటి మధ్య ఎడం ఉన్నట్టుండి పెరిగిందంటే, అంటే ఏ బండీ తగ్గలేనంత తొందరగా ఒక చక్రం వేగం పడిపోయిందంటే, ఆ చక్రం పట్టేయబోతోందని కంట్రోల్ యూనిట్, అంటే ఏబీఎస్‌ను నడిపే చిన్న కంప్యూటరు, గ్రహిస్తుంది.

ఆపై పని వాల్వులది. ఒక వాల్వు మూసుకుని, మీరు ఇంకా తొక్కుతున్నా ఆ చక్రానికి పోయే బ్రేక్ ఆయిల్ ఒత్తిడి పెరగకుండా ఆపుతుంది. అది చాలకపోతే రెండో వాల్వు తెరుచుకుని కొంత ఒత్తిడిని వదిలేస్తుంది. చక్రం మళ్లీ తేరుకుని తిరగగానే ఒత్తిడి తిరిగి పెరుగుతుంది, వదిలిన ఆయిల్‌ను పంపు వెనక్కి తోడుతుంది. పట్టి ఉంచడం, వదలడం, మళ్లీ బిగించడం, ఈ మూడూ సెకనుకు పది పదిహేను సార్ల వరకు జరుగుతాయి. మీ పాదానికి తెలిసే వణుకు ఆ పంపు వెనక్కి నెట్టే ఆయిల్‌ది. గరగరమనే చప్పుడు పంపుదీ వాల్వులదీ. కొన్ని కార్లలో తాళం తిప్పి బయలుదేరిన కొద్ది మీటర్లకు ముందు భాగం నుంచి ఒక్కసారి టక్కుమని వినిపించేది కూడా ఈ పంపు తనను తాను పరీక్షించుకోవడమే.

ఈ ఆలోచన మొదట విమానాలకు పుట్టింది. దిగేటప్పుడు చక్రాలు పట్టేసి టైర్లు పేలకుండా 1950లలో డన్‌లప్ సంస్థ మాక్సారెట్ అనే యంత్రాన్ని విమానాలకు అమర్చింది. అదే 1966లో జెన్సన్ ఎఫ్‌ఎఫ్ అనే బ్రిటిష్ కారులోకి వచ్చింది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో, నేటి రూపానికి దగ్గరగా, బాష్ సంస్థ ఏబీఎస్ 1978లో మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో వచ్చింది. బైకుల్లోకి 1988లో బీఎండబ్ల్యూ కె100తో వచ్చింది. మన దేశంలో 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త కార్లన్నిటికీ, 125 సీసీ దాటిన కొత్త బైకులన్నిటికీ ఇది తప్పనిసరి అయింది.

మీ బండిలో ఉన్నది ఏదో తెలుసుకోండి

ఇది చిన్న విషయంలా కనిపించినా, నేను చూసిన పొరపాట్లలో సగం ఇక్కడే మొదలవుతాయి. 125 సీసీ, అంతకంటే తక్కువ ఉన్న స్కూటర్లు, బైకుల్లో చాలావాటికి ఉండేది కాంబీ బ్రేకు. వెనక బ్రేకు నొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడేలా చేస్తుందే తప్ప, అది చక్రం పట్టేయకుండా ఆపదు. దాన్నే ఏబీఎస్ అనుకుని తడి రోడ్డు మీద గట్టిగా పిండితే బండి జారుతుంది. 125 సీసీ దాటిన బైకుల్లో సింగిల్ చానెల్ అంటే ముందు చక్రానికి మాత్రమే ఏబీఎస్ అని అర్థం. వెనక చక్రం మామూలుగానే పట్టేయగలదు. డ్యూయల్ చానెల్ అంటే రెండు చక్రాలకూ ఉన్నట్టు. బండి పుస్తకంలో ఉంటుంది, లేకపోతే వెనక చక్రం దగ్గర వంగి చూడండి. డిస్కు లోపలి వైపున సన్నని రంధ్రాల రింగు, దాని పక్కకు వచ్చే వైరు కనబడితే సాధారణంగా వెనక కూడా ఉన్నట్టే.

ఖాళీ చోట సాధన

ఊరి శివార్లలో ప్లాట్లు అమ్మడానికి వేసిన వెంచర్లు ఈ పనికి బాగా ఉపయోగపడతాయి. తారు రోడ్డు, రెండు పక్కలా ఖాళీ, ఆదివారం పొద్దున్నే మనుషులు ఉండరు. రోడ్డు పొడిగా, చదునుగా, ఇసుక లేకుండా ఉండాలి. కారులో వదులుగా ఉన్న సామాను అంతా తీసేసి, సీటు బెల్టు పెట్టుకోండి. పక్క సీటులో నీళ్ల సీసా ఉన్నా అది ఎగిరి పాదాల కిందకు వచ్చే ప్రమాదం ఉంది. టైర్లలో గాలి ముందే చూసుకోండి.

కారుతో మొదట 40 కిలోమీటర్ల వేగం చాలు. రోడ్డు పక్కన గుర్తుగా ఒక పాత డబ్బా పెట్టుకుని, అద్దంలో వెనక ఎవరూ లేరని చూసి, డబ్బా దాటగానే బ్రేకును పూర్తిగా, ఒకే ఊపున, అడుగంటేదాకా తొక్కండి. గేర్లున్న కారైతే వెనువెంటనే క్లచ్ కూడా తొక్కండి, లేకపోతే ఇంజను ఆగిపోతుంది. ఎక్కువమంది మొదటిసారి సగమే తొక్కుతారు. ఏళ్ల తరబడి ప్రయాణికులు ముందుకు తూలకుండా నెమ్మదిగా ఆపడం నేర్చుకున్న కాలు అంత బలంగా తొక్కడానికి ఒప్పుకోదు. పెడల్ వణకలేదంటే చాలినంత తొక్కనట్టే. మళ్లీ చేయండి. వణుకు వచ్చాక, బండి పూర్తిగా ఆగేవరకు పాదాన్ని అదే బలంతో ఉంచండి. చివరి కొద్ది అడుగుల్లో, వేగం బాగా తగ్గాక, ఏబీఎస్ తప్పుకుంటుంది కాబట్టి ఆగే ముందు టైరు ఒక చిన్న గీత గీస్తే కంగారు పడనక్కర్లేదు.

నాలుగైదుసార్లు అయ్యాక రెండో పాఠం. ఖాళీ అట్టపెట్టెను దారి మధ్యలో పెట్టి, అదే వేగంతో వచ్చి, బ్రేకు పూర్తిగా తొక్కి, తొక్కి ఉంచే స్టీరింగును కొద్దిగా తిప్పి పెట్టె పక్కనుంచి పోనివ్వండి. చూపు పెట్టె మీద కాకుండా మీరు వెళ్లవలసిన ఖాళీ మీద ఉండాలి, ఎందుకంటే కళ్లు ఎటు ఉంటే చేతులు అటు పోతాయి. ఏబీఎస్ ఎందుకు పుట్టిందో ఈ పాఠంలోనే తెలుస్తుంది. తొక్కిన బ్రేకు తొక్కినట్టే ఉండగా బండి చెప్పిన మాట వినడం ఏ పాత కారులోనూ సాధ్యం కాదు.

బైకు మీద హెల్మెట్, గ్లౌజులు, బూట్లు వేసుకుని 30 కిలోమీటర్ల వేగంతో మొదలుపెట్టండి. బండి నిటారుగా, హ్యాండిల్ తిన్నగా ఉండాలి. డ్యూయల్ చానెల్ అయితే మొదట వెనక బ్రేకు ఒక్కటే గట్టిగా తొక్కి, పాదం కింద టకటకమనే కొట్టుడును తెలుసుకోండి. తరువాత రెండు బ్రేకులూ కలిపి వేయండి. ముందు బ్రేకు లివరును ఒక్కసారిగా గుంజకుండా, నిమ్మకాయ పిండినట్టు త్వరగా బిగిస్తూ పోండి. బరువు ముందు టైరు మీదకు వచ్చిన కొద్దీ దాని పట్టు పెరుగుతుంది. ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామని చిన్నప్పటి నుంచి విన్న భయం మనలో చాలామందికి ఉంది. దానివల్ల వెనక బ్రేకు ఒక్కదానితోనే బండి ఆపడానికి అలవాటు పడ్డాం. నిజానికి బలంగా ఆపేటప్పుడు బరువంతా ముందుకు ఒరుగుతుంది కాబట్టి ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. ఏబీఎస్ ఉన్న బైకులో ఆ భయాన్ని సాధనతో వదిలించుకోవచ్చు.

అవసరం పడిన క్షణంలో

కారులో చేయవలసింది తొక్కడం, తొక్కి ఉంచడం, దారి వెతకడం. పాతకాలపు డ్రైవర్లు నేర్పిన "తొక్కి వదులు, తొక్కి వదులు" అనే పద్ధతి ఏబీఎస్ లేని బండికి సరైనదే. ఏబీఎస్ ఉన్న బండిలో మాత్రం మీరు కాలు ఎత్తిన ప్రతిసారీ ఒత్తిడి మొదటి నుంచి పుట్టుకు రావాలి, ఆ కాసేపట్లో బండి కొన్ని మీటర్లు ఊరికే పోతుంది. ఆ తొక్కి వదిలే పనిని యంత్రం మీకంటే వేగంగా, చక్రం చక్రానికీ విడివిడిగా చేస్తోంది. స్టీరింగును మాత్రం కొద్దిగానే తిప్పండి. వేగంలో ఒక్కసారిగా కోసేస్తే, టైర్లకు పట్టు ఉంది కాబట్టే బండి నిజంగానే అటు దూసుకుపోయి ఎదురు వరుసలోకో, కాలవలోకో వెళుతుంది. ఎదురుగా లారీ వస్తుంటే, ముందున్న అడ్డంకిని తప్పించడం కంటే వేగం తగ్గించుకుని దాన్నే తాకడం మేలు కావచ్చు. ఆగిన వెంటనే హజార్డ్ లైట్లు వేయండి. మీ వెనక వచ్చే బండికి ఏబీఎస్ ఉందన్న హామీ ఏమీ లేదు.

బైకు మీద రెండు బ్రేకులూ, క్లచ్‌తో సహా పట్టి, మోకాళ్లతో ట్యాంకును బిగించి, చేతులను కాస్త సడలించి ఉంచండి. తప్పుకోవలసి వస్తే ముందు వేగం తగ్గించుకుని, తరువాత లివరు కొంత వదిలి బండిని ఒరిగించండి. రెండు పనులూ ఒకేసారి వద్దు.

నమ్ముకోకూడని చోట్లు

టైరుకు రోడ్డు ఇవ్వని పట్టును ఏబీఎస్ పుట్టించలేదు. 60 కిలోమీటర్ల వేగంలో బ్రేకు మీదకు కాలు వెళ్లేలోపు, ఒక సెకను అనుకున్నా, బండి 17 మీటర్లు పోతుంది. ఆ తరువాత మంచి పొడి రోడ్డు మీద మరో 20 మీటర్లు, తడి రోడ్డు మీద 35 మీటర్లు పడుతుంది. 100 కిలోమీటర్ల వేగంలో ఇవే 28, 56, 98 మీటర్లు. అంటే తడి రోడ్డు మీద నూరు వేగంతో పోయే బండి ఆగడానికి దాదాపు 126 మీటర్లు కావాలి. ముందు బండికీ మీకూ మధ్య మూడు సెకన్ల ఎడం, వానలో దానికి రెట్టింపు ఉంచుకోవడం ఈ లెక్క నుంచి వచ్చిందే. ముందు బండి ఒక స్తంభాన్ని దాటినప్పటి నుంచి మీరు దాన్ని దాటేవరకు నెమ్మదిగా లెక్కపెట్టుకుంటే చాలు.

కోతల కాలంలో మన పల్లె రోడ్ల మీద సగం మేర వడ్లు, మొక్కజొన్నలు ఆరబోసి ఉంటాయి. ఆ గింజల మీద టైరు పూసల మీద నడిచినట్టు దొర్లుతుంది. చక్రం ఊరికే పట్టేస్తూ ఉంటుంది కాబట్టి ఏబీఎస్ ఊరికే బ్రేకు వదులుతూ ఉంటుంది, బండి మాత్రం పోతూనే ఉంటుంది. ఇసుక ట్రాక్టర్లు తిరిగే రోడ్లు, కంకర పోసి వదిలేసిన రోడ్లు కూడా ఇంతే. వదులుగా ఉన్న కంకరలో పట్టేసిన చక్రం తన ముందు ఒక కుప్పను పోగుచేసుకుని దాని వల్ల ఆగుతుంది. ఏబీఎస్ ఆ కుప్పను పోగుకానివ్వదు. అలాంటి చోట ఆగే దూరం ఏబీఎస్ లేని బండి కంటే ఎక్కువ కూడా కావచ్చు. మట్టి దారుల కోసం తయారైన కొన్ని బైకుల్లో వెనక ఏబీఎస్‌ను ఆపే స్విచ్ ఉండేది ఇందుకే. తారు ఎక్కగానే దాన్ని తిరిగి వేయడం మరిచిపోకండి.

వేసవి తరువాత పడే మొదటి వాన చాలా ప్రమాదకరమైనది. నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న ఆయిల్, దుమ్ము తడిసి జిగురులా అవుతాయి. కాసేపు గట్టిగా వాన కురిసి కడిగేశాక రోడ్డు కాస్త మెరుగుపడుతుంది. జీబ్రా గీతల రంగు, వంతెనల మీది ఇనుప పట్టీలు తడిసినప్పుడు ఎప్పుడూ జారుతాయి. నీళ్లు నిలిచిన చోట వేగంగా దూసుకుపోతే టైరు నీటి మీద తేలుతుంది. తేలిన టైరుకు ఏబీఎస్ ఏమీ చేయలేదు.

మలుపులో టైరుకున్న పట్టు తిరగడానికీ ఆగడానికీ పంచుకోవాలి. ఒరిగి ఉన్న బైకు మీద గట్టిగా బ్రేకు వేస్తే మామూలు ఏబీఎస్ కాపాడుతుందని అనుకోవద్దు. ఒరిగిన కోణాన్ని కొలిచి దాన్ని బట్టి బ్రేకును సరిచేసే రకం ఖరీదైన కొన్ని బైకుల్లోనే ఉంది. ఇక శ్రీశైలం ఘాట్ గాని, తిరుమల కొండ గాని దిగేటప్పుడు వచ్చే చిక్కు వేరు. అదే పనిగా తొక్కుతూ దిగితే డిస్కులు కాలి, ఆయిల్ మరిగి, పెడల్ మెత్తబడి అడుగంటుతుంది. అప్పుడు ఏబీఎస్‌కు అదుపు చేయడానికి ఒత్తిడే మిగలదు. ఎక్కిన గేరులోనే దిగాలన్నది పాత మాటే అయినా ఇప్పటికీ సరైనదే.

ఇంకొక ప్రమాదం డ్రైవరు మనసులో ఉంటుంది. 1980లలో జర్మనీలోని మ్యూనిక్‌లో కొన్ని టాక్సీలకు ఏబీఎస్ పెట్టి, కొన్నిటికి పెట్టకుండా గమనిస్తే, రెండింటి ప్రమాదాల సంఖ్యలోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఏబీఎస్ ఉన్న టాక్సీల డ్రైవర్లు మలుపులు మరింత వాడిగా తిప్పారు, ముందు బండికి మరింత దగ్గరగా నడిపారు.

దీపం, ఆయిల్, రింగు

తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఏబీఎస్ దీపం వెలగాలి. కారులో కొన్ని సెకన్లకు, బైకులో బండి కదిలి కాస్త వేగం అందుకున్నాక, అది ఆరిపోవాలి. నడుస్తుండగా వెలిగి అలాగే ఉంటే, మామూలు బ్రేకు ఉన్నట్టు, ఏబీఎస్ లేనట్టు లెక్క. వేగం తగ్గించి, పాత పద్ధతిలో జాగ్రత్తగా ఆపుకుంటూ సర్వీసింగ్ సెంటరుకు వెళ్లవచ్చు. దానితో పాటు ఎర్ర బ్రేకు దీపం కూడా వెలిగితే వెళ్లవద్దు, బండిని పక్కకు ఆపి మెకానిక్‌నే పిలవండి. డ్యూయల్ చానెల్ బైకును సెంటర్ స్టాండు వేసి గేరులో వెనక చక్రం తిప్పినప్పుడు కూడా దీపం వెలగవచ్చు, ఎందుకంటే ఒక చక్రం తిరుగుతూ రెండోది ఆగి ఉండటం యంత్రానికి తేడాగా కనిపిస్తుంది. తాళం తీసి, మళ్లీ వేసి కాస్త దూరం నడిపితే పోతుంది.

దీపం వెలగడానికి ఎక్కువగా కారణమయ్యేది పెద్ద లోపం కాదు, చక్రం దగ్గరి బురదో, లాగిన వైరో. పంక్చరు వేయించడానికి చక్రం విప్పేటప్పుడు దగ్గరే నిలబడండి. రింగున్న వైపు నేలకు ఆనించి చక్రాన్ని బోర్లా పడేసి, దాని మీద కాలు వేసి టైరు ఊడదీస్తే పళ్లు వంగిపోతాయి. రింగు పైకి ఉండేలా పెట్టమని, సెన్సరు వైరును లాగవద్దని ఒక్క మాట చెబితే చాలు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వేడి తట్టుకోవాలి, తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగిపోవచ్చు. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరితే, చూపుకు బాగానే కనిపించినా మార్చవలసిందే.

సెకండ్ హ్యాండ్ కారు చూడటానికి వెళ్లినప్పుడు, ఇంజను స్టార్టు చేయకముందే తాళం 'ఆన్' దాకా తిప్పి ఈ దీపాన్నే మొదట చూడండి. వెలిగి ఆరిపోకపోతే లోపం ఉన్నట్టు తెలిసిపోతుంది, ధర మాట్లాడుకోవచ్చు. అసలు వెలగనే వెలగకపోతే మాత్రం, ఆ లోపం కనబడకుండా ఎవరో దీపాన్నే తీసేసి ఉండవచ్చు.